కుందేళ్ళబోడు చుట్టూ దారి

ఇవాళ మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ ఉండగా పత్తికట్టె కాలుతున్న వాసన వచ్చింది. సత్తెనపల్లి శివార్లలో మా ఇల్లు. పత్తి తీతలు అయిపోయాయంటే చుట్టుపక్కల రైతులు కట్టె పీకి, కుప్పలు పెట్టి, చేలోనే తగలబెడతారు. ఏటా జరిగేదే, ఇందులో వింతేమీ లేదు. అయినా ఎంగిలి చేత్తోనే లేచి డాబా ఎక్కి, పొగ ఎటు నుంచి వస్తోందో, గాలి ఎటు తిరిగిందో చూశాను. "ఎవరి పొలంలో వాళ్ళు కాల్చుకుంటుంటే మీకెందుకండీ, అన్నం చల్లారిపోతోంది" అని కింద నుంచి మా ఆవిడ కేకేసింది. ఆమె మాటలో న్యాయం ఉంది. నేను అటవీ శాఖ ఉద్యోగినే గానీ, మా ఇంటి చుట్టూ కనుచూపు మేరలో అడవి లేదు. పొగ వాసన తగిలితే కుదురుగా కూర్చోలేని ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒకరు అంటించింది. ఆవిడ అనసూయ గారు. తొంభైల చివర్లో నేను కొత్తగా ఫారెస్టు గార్డుగా చేరినప్పుడు మా రేంజరు.

నాకు పోస్టింగు సొంత ఊరి పక్కనే వచ్చింది. మా ఊరు పల్నాడులో, నల్లమల కొండలు మొదలవడానికి కొంచెం ముందు ఉంటుంది. ఊరికి తూర్పుగా కుందేళ్ళబోడు అనే కొండ. మా వైపు కొండను బోడు అంటారు. అదంతా రిజర్వు అడవి. ఇటు మేము, మా మిరప తోటలు, పత్తి చేలు, నల్లరేగడి. బోడుకు అటు పక్కన గుంటూరు వెళ్ళే పెద్ద రోడ్డు. మధ్యలో దారి లేదు. అందుకని మా ఊరి మిరపకాయలు గుంటూరు మిర్చి యార్డుకు చేరాలంటే బోడు చుట్టూ గుంతల రోడ్డు మీద పెద్ద చుట్టు తిరిగి వెళ్ళాలి. మా నాన్న కోటయ్య ఆ చుట్టును తిట్టకుండా ట్రాక్టరు స్టార్టు చేసిన రోజు నాకు గుర్తు లేదు. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఆయన ఊళ్ళో అందరితో అన్న మాట, "మావోడు ఫారెస్టులో చేరాడు, ఇంక బోడు మీద దారి పడ్డట్టే." నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.

అనసూయ గారు చీరాల మనిషి. నేత కుటుంబం. వాళ్ళ నాన్నగారు జీవితమంతా గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషట. "ఆయన కూర్చోవాల్సిందంతా కూర్చున్నారు ఏడుకొండలూ, నా వాటా కూడా ఆయనే కూర్చున్నారు" అని నాతో అంటూ నవ్వేవారు. నిజంగానే ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. టీ నిలబడి తాగేవారు. ఫైళ్ళ మీద సంతకాలు కిటికీ గట్టు మీద పెట్టుకుని చేసేవారు. జీపులో వెళ్తూ కూడా ముందుకు వంగి, సీటు అంచు మీద ఉండేవారు. ఛార్జి తీసుకున్న మొదటి రోజు ఆఫీసులో పూలదండతో ఎదురుచూస్తున్న మా అందర్నీ, "దండ ఆ పటానికి వేయండి, అడవి ఎక్కడుందో చూపించండి" అని బయటికి తోలారు. ఆడ రేంజర్ని అంతకుముందు మేమెవ్వరం చూసి ఉండలేదు. వాచర్లు పక్కకు తిరిగి గుసగుసలాడుకున్నారు. బోడు సగం ఎక్కేసరికి వాళ్ళకు గుసగుసలాడే ఊపిరి మిగల్లేదు.

ఆరోజు ఆవిడ బోడు నడిమధ్యకు, రెండు కొండల నడుమ కనుమ దగ్గరకు వచ్చి, చెయ్యెత్తి మమ్మల్ని ఆపారు. ఎలుగుబంటేమో అనుకుని నేను కర్ర గట్టిగా పట్టుకున్నాను. "ఏం వినపడుతోంది?" అని అడిగారు. చెవులు రిక్కించాను. ఆకులు, ఏదో పిట్ట, మా రొప్పులు. "ఏం లేదండి" అన్నాను. "అదే. మోటారు చప్పుడు లేదు" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. మా ఊళ్ళో బోరు మోటార్లు, ట్రాక్టర్లు, పవర్ స్ప్రేయర్లు, జిన్నింగు మిల్లుకు పోయే లారీలు, ఏదో ఒకటి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మోత లేని చోట నేను నిలబడలేదని ఆ రోజే గ్రహించాను. కొంచెం భయం వేసింది కూడా. ఆవిడ మాత్రం మొదటిసారి అక్కడ ఒక బండ మీద కూర్చున్నారు.

అక్కడే చెప్పారు తన పాత సంగతి. అంతకుముందు వేరే జిల్లాలో ఇలాంటిదే ఒక కొండ ఆవిడ కింద ఉండేదట. గుడికి భక్తులు వెళ్ళడానికని సన్నటి దారి అడిగారు. మంచి పనే కదా అని ఆవిడా అడ్డు చెప్పలేదు. భక్తుల వెనక ఆటోలు, ఆటోల వెనక కట్టెల ట్రాక్టర్లు, వాటి వెనక రాయి కొట్టే మిషన్లు వెళ్ళాయి. చివరికి గుడి మాత్రం మిగిలింది, కింద కొండ లేదు. "దేనికి పనికొస్తుంది ఈ అడవి అని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద జవాబేం లేదు. కానీ ఒకసారి దారి పడ్డాక ఆపడం నా వల్ల కాలేదు. అది మాత్రం తెలుసు" అన్నారు. ఆ మాట అంటూ మళ్ళీ లేచి నిలబడ్డారు.

ఇంత తెలిసిన మనిషి ఆ ఏడాదే ఒక పని చేశారు. అడవి ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవ్వరూ చేయలేని పొరపాటు అది. మంట ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దూకకుండా చలికాలం చివర్లో అడవి మధ్య ఒక పట్టీలాగా గడ్డి, పొదలు చెక్కి, రాలిన ఆకు ఊడ్చి ఖాళీ చేస్తాం. దాన్ని మేం ఫైర్‌లైను అంటాం. కుందేళ్ళబోడు మీద పాత ఫైర్‌లైను వంకరటింకరగా, మేక పోయేంత సన్నంగా ఉండేది. అంతకుముందు వేసవిలో మంట దాన్ని లెక్కచేయకుండా దాటిపోయిందని విని ఆవిడ నిద్రపోలేదు. నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని జీపు ఈ చివర నుంచి ఆ చివరకు పోగలగాలి, అప్పుడే మంటను పట్టుకుంటాం అన్నారు. కూలీలను పెట్టి, దగ్గర నిలబడి, కనుమ గుండా తిన్నగా, వెడల్పుగా లైను చెక్కించారు. పెద్ద రాళ్ళు దొర్లించారు. ఆ వేసవి మా బోడు మీద ఒక్క మంట కూడా దాటలేదు. మేమందరం గర్వపడ్డాం. అందరికంటే ఎక్కువ ఆవిడే పడ్డారు, జీపులో ఆ చివర దాకా వెళ్ళి మా ఊరి వాళ్ళకు చెయ్యి ఊపి మరీ వెనక్కి వచ్చారు.

ఊరు ఊరుకుంటుందా? ముందు మోటారు సైకిళ్ళు వెళ్ళాయి. తర్వాత ఎవరో జబ్బు మనిషిని తీసుకుని ఆటోలో వెళ్ళారు, అప్పుడు మాత్రం ఎవరు కాదంటారు? మరుసటి ఏడాది మిరపకోతల్లో ఒక పొద్దున కనుమలో మోటారు చప్పుడు వినిపించి పరిగెత్తాను. ఎదురుగా మా నాన్న, ట్రాక్టరు నిండా మిరప టిక్కీలు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం బస్తా. ఆపి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, "మీ మేడం మంచి దారే ఏయించిందిరా. ముందే ఏయించి ఉంటే నా నడుం నిలబడేది" అన్నాడు. "ఇది దారి కాదు నాన్నా, ఫైర్‌లైను" అన్నాను. "పేరేదైతే ఏందిరా, బండి పోతందా లేదా?" అని గేరు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఈ సంగతి అనసూయ గారికి చెప్పాను. టేబులు చుట్టూ తిరిగారు. తర్వాత, "మీ నాన్నగారు చెప్పింది కరెక్టే ఏడుకొండలూ. నేను వేసింది దారే" అన్నారు.

ఆ వర్షాకాలం పోగానే సర్వే మనుషులు వచ్చారు. వాళ్ళ వెంట ఒక కాంట్రాక్టరు మనిషి. తెల్ల చొక్కా, అందరికీ నమస్కారాలు, మా వాచర్లకు కూడా. బోడు మీద నుంచి తారు రోడ్డు వేస్తారట. అడవిలో కొత్త దారి వేయాలంటే అనుమతి కోసం ఢిల్లీ దాకా పోవాలి, ఏళ్ళు పడుతుంది. ఎప్పటి నుంచో ఉన్న దారిని బాగుచేసుకోవడానికి మాత్రం అంత తతంగం అక్కర్లేదు. వాళ్ళు గీసిన పటంలో మా ఫైర్‌లైను 'ఉన్న దారి' అయి కూర్చుంది. దారి వెడల్పు చూస్తే మా మిరపకాయల కోసం కాదని నాకే అర్థమైంది. పటంలో కనుమ దగ్గర ఒక పక్కకు చీలిక కూడా ఉంది. అది పోయి ఆగేది మంచి నల్లరాయి ఉన్న చోట. ఆ రాయి పాలిషు పెడితే అద్దంలాగా మెరుస్తుంది, బయట దేశాలకు పోతుంది. పటం చూసిన రోజు ఆవిడ మొహం నేను మర్చిపోలేను. కోపం కాదు అది. తన చేత్తో తనే తలుపు తీసి ఇచ్చానని తెలిసిన మనిషి మొహం అది.

ఆవిడ మొదట మా ఊరికే వచ్చారు. మిరప కల్లంలో, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య మా నాన్న రంగు పోయిన తాలు కాయలు ఏరిస్తున్నాడు. ఘాటుకు ఆవిడ తుమ్ముతూనే నిలబడ్డారు. మా అమ్మ నులక మంచం వాల్చింది, ఆవిడ కూర్చోలేదు.

"కోటయ్య గారూ, ఆ దారి వద్దనడానికి వచ్చాను. మీకు కోపం వస్తుందని తెలుసు."

"కోపం కాదమ్మా, ఆశ్చర్యం. మీరేగా ఏసింది."

"నేనే. తప్పు చేశాను."

"మీకు తప్పు, మాకు మేలు. ఆ చుట్టు రోడ్డు మీద ముందటేడు మా టిక్కీలు సగం దూరంలో వానకు తడిసినయ్. బూజు పట్టిన కాయకు యార్డులో ఎంతిస్తారో మీవోడిని అడగండి. వాడు రైతు బిడ్డే."

"దారి మీ టిక్కీల కోసమే అయితే అంత వెడల్పెందుకండీ?"

"ఎడల్పుంటే మంచిదేగా" అన్నాడు మా నాన్న. ఆవిడ రాయి సంగతి చెప్పినా, "రాయి ఎవడన్నా పట్టుకపోనియ్, మాకు దారి మిగులుద్ది గదా" అన్నాడు. నాకు ఇద్దరి మధ్యలో నిలబడటం చేతకాలేదు. ఒకరు నా తండ్రి, ఒకరు నా ఆఫీసరు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నేను కాయల్లో తాలు ఏరుతున్నట్టు నటించాను.

మర్నాడు ఆఫీసులో ఆవిడ నిర్ణయం చెప్పారు. ఈ ఏడు కుందేళ్ళబోడు మీద ఫైర్‌లైను చెక్కం. రెండు చివర్లా తుమ్మకంప అడ్డం వేస్తాం. వానలకు పెరిగిన గడ్డి పెరిగినట్టే ఉంటుంది. దారిలాగా కనపడేదాన్ని మళ్ళీ అడవిలాగా మారనిస్తాం. అక్కడ నిజంగా దారి ఉందో లేదో చూసే ఉమ్మడి తనిఖీకి పెద్దాఫీసర్లు రావడం ఎలాగూ ఎండలు మొదలయ్యాకే.

"నిప్పు పడితే?" అని అడిగాను.

"పడకుండా చూసుకోవాలి."

"పడితేనండీ?"

"లైను ఎందుకు చెక్కలేదని నన్ను అడుగుతారు. నా ఉద్యోగం పోవచ్చు. కొండా పోవచ్చు" అన్నారు. చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. పై ఆఫీసరుకు ఫోను చేసి ఇదే చెప్పారు. ఆయన, నేను వినలేదనుకో అని పెట్టేశారట. దాపరికం లేకుండా చేయడం ఒక్కటే అందులో తనకున్న ధైర్యం అన్నారు నాతో. అడవిని కాపాడే కంచెను తీసేసి అడవిని కాపాడటం ఏమిటో నా బుర్రకు ఎక్కలేదు. ఎక్కకపోయినా కంప నరికాను. కంప అడ్డం వేసిన రోజు మా నాన్న ట్రాక్టరు వచ్చి దాని ముందు ఆగింది. ఆయన దిగకుండానే వెనక్కి తిప్పుకున్నాడు. ఇంట్లో నాతో మాటలు మానేశాడు.

అక్కడి నుంచి మాకు నిలకడ లేకుండా పోయింది. పత్తికట్టె కాల్చే రోజులొచ్చాయి. బోడు అంచు దాకా పత్తి చేలే. ఒక్క నిప్పురవ్వ ఎగిరినా చాలు, ఛాతీ ఎత్తు ఎండిన గడ్డి కాచుకుని ఉంది, మధ్యలో ఆపడానికి ఏమీ లేదు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగారు. కాల్చొద్దని చెప్పలేదు. చెబితే ఎవరూ వినరని తెలుసు. "కాల్చే ముందు ఒక్క మాట చెప్పండి, వచ్చి నిలబడతాం" అని బతిమాలారు. అన్నంత పనీ చేశారు. గాలి పడ్డాక రైతు నిప్పు పెడితే, పచ్చి కానుగ కొమ్మలు పట్టుకుని బోడు వైపు గట్టు మీద మేము నిలబడేవాళ్ళం. చీర కుచ్చెళ్ళు దోపుకుని, మొహానికి తువ్వాలు కట్టుకుని ఆవిడ మా వరసలోనే. ఒక చేలో పని అయ్యేసరికి ఇంకో చేలో పొగ లేచేది. పగలంతా బోడు మీద నడక, కాపలా. అన్నం తింటూ మధ్యలో లేవడం నాకు అక్కడే అలవాటైంది. ఆవిడను చూస్తే ఒక్కోసారి కోపం వచ్చేది. ఆవిడ భయమంతా మా ఒంట్లోకి ఎక్కించారని లోపల తిట్టుకునేవాణ్ణి. మా నాన్న నాతో మాట్లాడకపోయినా తన చేను కాల్చే రోజు మాత్రం మా అమ్మ చేత కబురు పంపాడు: రేంజరమ్మను రమ్మను, నిప్పు పెడతన్నాం.

మంట చేల నుంచి రాలేదు. ఒక మధ్యాహ్నం మేం ఊరి వైపు గట్టు మీద ఉండగా బోడుకు అటు పక్కన, అడ్డం వేసిన కంప దగ్గర పొగ లేచింది. ఎవరో కంపకే నిప్పు పెట్టారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఒకరి మీద అనుమానం చెప్పమని తర్వాత అందరూ అడిగారు, ఆవిడ చెప్పలేదు. చూడనిది చెప్పనన్నారు. మేం అక్కడికి చేరేసరికి గడ్డి పట్టుకుని మంట కనుమలోకి వస్తోంది. కొమ్మలతో కొట్టాం. కొట్టిన చోట ఆరి, పక్కన లేచేది. నా కనుబొమలు కాలాయి. ఆవిడ ఒకచోట నిలబడి, "లైను ఉంటే ఇక్కడే ఆగేది, ఇక్కడే ఆగేది" అని తనలో తాను అంటూ కొడుతూనే ఉన్నారు. ఆ మాట వినలేక నేను దూరంగా జరిగాను.

కాసేపటికి ఊరి వైపు నుంచి మనుషులు ఎక్కుతూ కనిపించారు. ముందు మా నాన్న. మిరప తోటలకు మందు కొట్టే పంపులను కడిగి, నీళ్ళు నింపి, వీపులకు తగిలించుకుని వస్తున్నారు. మందు వాసన ఇంకా పోలేదు. మంట మా వైపు వాలు దిగితే కల్లాల్లో ఆరబోసిన కాయలు ఉన్నాయి, అందుకని వచ్చారు. అడవి మీద ప్రేమతో వచ్చారని నేను రాస్తే మా నాన్న కూడా నవ్వుతాడు. వచ్చారు, అది చాలు. పొద్దుగూకేలోపు మంట ఆగింది. అయితే బోడుకు తూర్పు వాలు సగం నల్లగా అయిపోయింది. కాలిన పుట్ట పక్కన ఒక తాబేలు చిప్ప దొరికింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టి, మా అందరి ముందే ఏడ్చారు. ఓదార్చడం మాకెవరికీ రాలేదు. మా నాన్న పంపులో మిగిలిన నీళ్ళు ఆవిడ చేతుల మీద పోశాడు, మొహం కడుక్కోమని.

వారం తిరక్కుండానే ఉమ్మడి తనిఖీ వచ్చింది. జీపులు, గొడుగులు, మజ్జిగ సీసాలు. కాంట్రాక్టరు మనిషి ఊరి పెద్దలను కూడా రప్పించాడు, దారి కావాలని చెప్పించడానికి. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. ఆయన ఈ రోజు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో నాకు తెలుసు. కాలిన నేల మీద పెద్దాఫీసరు అటూ ఇటూ చూసి, "దారి ఉందన్నారు, ఎక్కడ?" అన్నారు. కాంట్రాక్టరు మనిషి చేత్తో గీత గీసి చూపించి, "మంటకు అలా అయిందండి. ఎప్పటి నుంచో ఉన్న దారే. ఊళ్ళో ఎవరినైనా అడగండి" అన్నాడు. ఆఫీసరు మా నాన్న వైపు తిరిగారు.

"ఏమండీ పెద్దాయనా, ఈ దారి ఎప్పటి నుంచి ఉంది?"

"ఎప్పటి నుంచో ఏందండయ్యా" అన్నాడు మా నాన్న. ఆయనకు ఒళ్ళు మండింది. "మా తాత ఎడ్లబండి మీద చుట్టూ తిరిగిపోయాడు. మా నాయనా అంతే. నేనూ అంతే. నేను బుద్ధెరిగిన కాడ్నించీ ఈ బోడు మీద దారనేదే లేదు."

కాంట్రాక్టరు మనిషి ఆయన చొక్కా పట్టి లాగాడు. మా నాన్న చెయ్యి విదిలించాడు. "నన్ను చెప్పనియ్యవయ్యా. అయ్యా, మాకు ఎప్పుడూ దారి లేదు. అందుకేగా ఇప్పుడన్నా ఒకటి ఏయండని మీ కాళ్ళావేళ్ళా పడతంది."

వెనక ఉన్నవాళ్ళు కూడా, అవునండి, ఎప్పుడూ లేదండి అని అందుకున్నారు. తమ బాధ ఎంత పాతదో చెప్పుకునే అవకాశం వాళ్ళకు అంతకుముందు ఎవరిచ్చారు? ఒకరి తర్వాత ఒకరు, తరాల నుంచీ దారి లేదని గట్టిగా చెప్పారు. ఆఫీసరు తలూపుతూ రాసుకున్నారు. తర్వాత అనసూయ గారి వైపు చూసి, మరి ఆ ఫైర్‌లైను సంగతేమిటని అడిగారు. "అది నేను వేయించానండి, పోయినేటికి ముందు. దారి అయిపోయింది. అందుకని మూయించాను. మూయించాను కాబట్టి కొండ ఇంత కాలింది. ఇందులో మా స్టాఫుది ఏమీ లేదు" అన్నారు. ఆ కాంట్రాక్టరు మనిషి మాట తప్ప అబద్ధం ఒక్కటీ లేని తనిఖీ నా సర్వీసులో అదొక్కటే.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మా నాన్న నాతో మళ్ళీ మాట్లాడాడు. "నేనేం తప్పు చెప్పానురా? అంత దిగాలుగా ఎళ్ళిపోయాడేంది ఆ కాంట్రాక్టరు?" అని అడిగాడు. ఉన్న దారి అయితేనే తేలిగ్గా వేస్తారని, లేనే లేదని ఊరంతా చెప్పింది కాబట్టి ఇక కొత్త దారి కిందే లెక్క, ఢిల్లీ పోవాల్సిందే అని చెప్పాను. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని నన్ను చూశాడు. "లేనిదాన్ని ఉందని ఎట్టా చెబుతారా ఎవడన్నా?" అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని కల్లానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు సంతోషం వేసిందనే చెప్పాలి, ఆయన వీపు చూశాక ఆ సంతోషం నిలవలేదు. దారి రాలేదు. రాయి తీయలేదు. ఇవాళ్టికీ రాలేదు.

ఫైర్‌లైను చెక్కనందుకు అనసూయ గారికి ఛార్జి మెమో, దాని వెంటే అడవి లేని చోటికి బదిలీ. వెళ్ళే రోజు జీపు వద్దన్నారు. మా ఇంటికి వచ్చి, "కోటయ్య గారూ, ఇవాళ యార్డుకు లోడు వేస్తున్నారటగా, నన్ను సత్తెనపల్లి దాకా ఎక్కించుకుంటారా?" అని అడిగారు. మా నాన్న నమ్మలేదు. "బస్సుందిగా అమ్మా" అన్నాడు. "బస్సు కాదు, మీ బండే" అన్నారు. టిక్కీల మీద గోనెపట్టా పరిచి నేనూ ఎక్కాను. ఎర్రటి ఎండ. బండి కుదిపినప్పుడల్లా గోతాల్లోంచి మిరప దుమ్ము లేచేది. ఆవిడ తుమ్మి తుమ్మి కళ్ళు ఎర్రబడ్డాయి. గుంత వచ్చిన ప్రతిచోటా మేమిద్దరం ఎగిరి పడ్డాం. బోడు మా ఎడమ పక్కన అలాగే ఉంది, ఎంత తిరిగినా వదలకుండా. ఒకచోట టైరు దిగబడి, మేం దిగి తోయాల్సి వచ్చింది. ఆవిడా తోశారు. మళ్ళీ ఎక్కాక మా నాన్న సీట్లోంచి వెనక్కి తిరిగి అడిగాడు.

"ఎట్టా ఉందమ్మా మా దారి?"

"బాగాలేదు కోటయ్య గారూ."

"మరి?"

"మరేం లేదు. ఎంత బాగాలేదో తెలియకుండా వెళ్ళిపోకూడదని ఎక్కాను."

"తెలుసుకుని ఏం చేస్తారు?"

ఆవిడ తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నారు. "ఇంకోచోటకు వెళ్ళినా ఇదే చేస్తానండి. దారి వద్దనే అంటాను. కాకపోతే మీ నడుం నొప్పి నాకు తెలిసి అంటాను."

మా నాన్న ముందుకు తిరిగాడు. సత్తెనపల్లి బస్టాండు ముందు బండి ఆపి, దిగి, ఆవిడ పెట్టె తనే అందుకుని లోపల దాకా మోసుకెళ్ళాడు. తిరిగొచ్చి స్టీరింగు పట్టుకుని, "మొండి మనిషిరా" అన్నాడు నాతో. ఆ మాటలో తిట్టు ఎంతో మెచ్చుకోలు ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆవిడను మళ్ళీ చూడలేదు. ఒకసారి ఫోనులో మాత్రం మాట్లాడాను, తూర్పు వాలు మీద మోదుగ చిగురించిందని చెప్పాను. నిలబడే మాట్లాడుతున్నారని గొంతును బట్టి తెలిసింది. ఇప్పుడు నేను వేరే రేంజిలో, ఆవిడ ఉన్న కుర్చీలాంటి కుర్చీలో ఉన్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏదో ఒక అడవి మధ్య నుంచి దారి అడుగుతారు. చెడ్డవాళ్ళు అడిగితే వద్దనడం తేలిక. మొన్న అడిగింది ఒక ఊరి ఆడవాళ్ళు, పాల క్యాన్లు పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. పాలు విరిగిపోతున్నాయి, చుట్టూ తిరిగి రావాల్సి వస్తోందన్నారు. కుదరదని చెప్పాను. చెప్పి అక్కడే ఉండలేకపోయాను. పొద్దున్నే వాళ్ళ ఊరు వెళ్ళి, ఒకామె ఆటోలో క్యాన్ల మధ్య ఇరుక్కుని ఆ చుట్టంతా తిరిగాను. దిగాక ఆమె నా నలిగిన చొక్కా చూసి, "ఇప్పుడు తెలిసిందా సారూ, మా బాధ?" అని అడిగింది.

తెలిసిందమ్మా అన్నాను. అయితే దారి ఇస్తారా అంది. ఇవ్వలేనన్నాను. ఆమె నన్ను తిట్టింది, పేరు పెట్టి మరీ. తిడుతున్నంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.